నిరీక్షణను గణించిన శాస్త్రవేత్త

అనేకులు ఒకే సమయంలో ఆశ్రయించే వ్యవస్థను నిర్మించడం సులభం కాదు. వచ్చేవారు ఎందరో, ఎప్పుడు వస్తారో ముందుగా తెలియదు. ఈ అనిశ్చితిని గణితంతో కొలిచిన మహనీయుడు అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్.

ఎర్లాంగ్ 1878 జనవరి 1న డెన్మార్క్ దేశంలోని లోన్‌బోర్గ్ గ్రామంలో జన్మించారు. తండ్రి గ్రామ పాఠశాల ఉపాధ్యాయుడు. బాల్యంలో సోదరుడు పుస్తకం చదువుతుంటే ఎర్లాంగ్ ఎదురుగా కూర్చొని, తలకిందులుగా కనిపించే అక్షరాలనే చదివేవారట. 14 ఏళ్ల వయస్సులోనే ప్రత్యేక అనుమతితో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ ప్రాథమిక పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. కొంతకాలం తండ్రి పాఠశాలలో బోధించి, తరువాత ఆ విశ్వవిద్యాలయంలోనే గణితాన్ని అభ్యసించి 1901లో పట్టా పొందారు. అనంతరం పాఠశాలలలో అధ్యాపకులుగా పనిచేశారు.

గణితవేత్తల సంఘ సమావేశాలలో ఆయనకు జెన్సెన్ అనే గణితజ్ఞునితో పరిచయం కలిగింది. జెన్సెన్ కోపెన్‌హాగన్ టెలిఫోన్ సంస్థలో ఇంజనీరు. ఆయన ప్రోత్సాహంతో ఎర్లాంగ్ 1908లో ఆ సంస్థలో చేరారు.

అక్కడ ఒక చిక్కు సమస్య ఆయనకు ఎదురైంది. తీగలు తక్కువైతే పిలిచినవారికి మార్గం దొరకదు. ఎక్కువైతే ధనం వృథా అవుతుంది. మరి ఎన్ని తీగలు కావాలి? పిలుపులు యాదృచ్ఛికంగా వచ్చినా, వాటి సమూహం సంభావ్యతా నియమానికి లోబడి ఉంటుందని ఆయన 1909లో నిరూపించారు. 1917లో ప్రసిద్ధ సూత్రాలను ప్రకటించారు. వాటి ప్రకారం, సగటున 10 తీగలకు సరిపడే సంభాషణలకు 10 తీగలే ఉంటే, నూటికి 21 పిలుపులు విఫలమవుతాయి. 15 తీగలుంటే విఫలమయ్యేవి నాలుగుకు మించవు. సగటును మాత్రమే నమ్మి నిర్మించిన వ్యవస్థ రద్దీవేళ చేయి ఇస్తుందని దీనివల్ల తేటతెల్లమైంది.

ఎర్లాంగ్ కేవలం కాగితాలకే పరిమితం కాలేదు. తీగలలోని విద్యుత్ ప్రవాహాన్ని కొలవడానికి నిచ్చెన మోసే పనివానితో కలిసి కోపెన్‌హాగన్ వీధులలోని భూగర్భ గుంతలలోకి స్వయంగా దిగేవారు. అవివాహితులుగా నిరాడంబర జీవితం గడిపి, పేదలకు ఉదారంగా సహాయం చేశారు. 1929 ఫిబ్రవరి 3న, 51వ ఏట పరమపదించారు. 1946లో టెలిఫోన్ రద్దీని కొలిచే అంతర్జాతీయ ప్రమాణానికి ఆయన పేరు పెట్టారు. ఒక తీగ గంటసేపు నిర్విరామంగా పనిచేస్తే అది ఒక ఎర్లాంగ్.

స్వీడన్‌లోని ఎరిక్‌సన్ సంస్థలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ 1980వ దశకంలో టెలిఫోన్ కేంద్రాల కోసం రూపొందించిన కంప్యూటర్ భాషకూ ఆ పేరే స్థిరపడింది. ప్రమేయాలు ఆధారంగా గల ఈ భాషలో పని అంతా వేలాది చిన్న ప్రక్రియలుగా విభజింపబడుతుంది. ఒకదాని జ్ఞాపకస్థానాన్ని మరొకటి తాకదు. అవి సందేశాలు మాత్రమే పంపుకుంటాయి. అందువల్ల ఒక ప్రక్రియ కూలినా ఇరుగుపొరుగు ప్రక్రియలు చెడవు. వాటిని కనిపెట్టి ఉండే పర్యవేక్షక ప్రక్రియ, కూలినదాన్ని మళ్లీ ప్రారంభిస్తుంది. 1998లో ఈ భాష అందరికీ ఉచితంగా లభ్యమైంది. తరువాత వాట్సాప్ సందేశ వ్యవస్థ కూడా దీనిపైనే నిర్మితమైంది.

రద్దీ రాదని ఎర్లాంగ్ ఆశించలేదు. దానికి తగిన ఏర్పాటును గణించారు. లోపం కలగదని ఆ భాషా నిర్మాతలూ భావించలేదు. కలిగినా పని ఆగని మార్గాన్ని కనుగొన్నారు. ఆపదను ముందే ఊహించి సన్నద్ధులు కావడమే ఎర్లాంగ్ జీవితం మనకు బోధించే పాఠం.