స్థానం వారి కుచ్చిళ్లు

శివరాత్రి దగ్గర పడుతోందంటే మా కురవిలో వీరభద్రస్వామి జాతర సందడి. బడిపిల్లల డాన్సులకు, వేషాలకు బట్టలు కుట్టే పని నాకు అప్పుడే ఎక్కువ. ఈసారి మా వీధి పెద్దమ్మ తన పెళ్లినాటి పట్టుచీర తెచ్చి మిషను మీద పెట్టింది. మనవరాలు సత్యభామ వేషం కడుతోందట, కోసి కుట్టెయ్యమంది. నోటితో అన్నదే గానీ చీర మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

కత్తెర అందుకోబోయిన నాకు స్థానం నరసింహారావు గారు గుర్తొచ్చారు. ఒకప్పుడు తెలుగునాట సత్యభామ అంటే ఆయనే కదా మరి!

స్థానం వారు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో పుట్టారు. ఆయన స్త్రీవేషం కట్టడం అనుకోకుండా జరిగింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడే రోజున చంద్రమతి వేషం కట్టాల్సిన మనిషి రాలేదు. ఆ చీర ఈయన కట్టుకుని రంగస్థలం ఎక్కేశారు. అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండీ నిండని కుర్రాడు! ఆ తర్వాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరారు. అక్కడినుంచి దాదాపు నలభై ఏళ్లు ఆయన బతుకు చీరకుచ్చిళ్లతోనే గడిచింది.

సురభి నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేసేవారు. మిగతా సమాజాల్లో చాలావరకు మగవాళ్లే. గౌరవంగల ఇంటి ఆడపిల్ల ముఖానికి రంగు వేసుకుంటే ఊరుకునే రోజులు కావవి. ఆడది వేస్తే తప్పయిన వేషం మగవాడు వేస్తే కళ అయింది. ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అయితే ఆ అవకాశాన్ని ఆయన వెటకారానికి వాడుకోలేదు. ఆడదాని నడకను, అలకను, అభిమానాన్ని శ్రద్ధగా చదువుకున్నారు.

వేషాలు చూడండి, ఎన్ని రకాలో! రాణిగా ఉండి దాసి అయిన చంద్రమతి, కాళ్లకూరి వారి చింతామణి, మొగలు రాకుమారి రోషనార, విప్రనారాయణను వలలో వేసుకున్న దేవదేవి, గురజాడ వారి మధురవాణి. ఒకరి కట్టు ఇంకొకరికి నప్పదు. అమ్ముడుపోయిన చంద్రమతి కుచ్చిళ్లు సత్యభామ కుచ్చిళ్లలా విచ్చుకుంటే నాటకం అక్కడే చెడుతుంది. ఆయన చీరకట్టు చూడ్డానికే ఆడవాళ్లు నాటకానికి వెళ్లేవారని, ఇంటికొచ్చి అలా కట్టుకోవాలని చూసేవారని పాతతరం వాళ్లు చెప్పుకునేవారు.

శ్రీకృష్ణతులాభారం ముత్తరాజు సుబ్బారావు గారి నాటకం. కృష్ణుడు తన మాట జవదాటడని సత్యభామ మురిసిపోతూ పాడే పాట మాత్రం స్థానం వారే రాసుకున్నారు. ఒక్కో మాటకు ఎన్నో భావాలు చూపిస్తూ చాలాసేపు అభినయించేవారు. 1966లో ఆ కథ సినిమాగా వస్తే సుశీల గొంతులో, జమున అభినయంలో మళ్లీ ఆ పాటే వినిపించింది. ప్రభుత్వం ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చింది. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు.

కుట్టుపని చేసేదాన్ని కదా, నాకు ఆయన జీవితంలో ఒక విషయం పట్టుకుంది. ఆ కుచ్చిళ్లు ఏ రాత్రికారాత్రి పెట్టుకున్నవే. తెల్లారేసరికి విప్పి మడతపెట్టాల్సినవే. చీర చీరగానే ఉండాలి, కానీ వేషం నిలవాలి.

అందుకే పెద్దమ్మ చీర కొయ్యలేదు. విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లకు బట్ట మూడింతలు కావాలి. పది అంగుళాల వెడల్పు రావాలంటే ముప్పై అంగుళాలు పడుతుంది. అంగుళం చొప్పున మడతలు పెట్టి, సన్నసూదితో, పట్టుదారంతో కచ్చాకుట్టు వేశాను. ఉల్టా వైపు పలచని నూలుబట్ట పరిచి తక్కువ వేడిమీద ఇస్త్రీ పెట్టాను. జరీ మీద పెట్టె నేరుగా ఆనించకూడదు. చల్లారేదాకా కదపలేదు. వేడిమీద కదిపితే పట్టు ఆ మడత పట్టుకోదు.

తియ్యడం పెట్టడం కన్నా కష్టం. దారం ఒక్కసారి లాగితే పోగు తెగుతుంది. అక్కడక్కడ కత్తిరించి మెల్లగా తియ్యాలి. నీళ్లు చిలకరిస్తే పట్టుమీద మరకలు పడొచ్చు. కాస్త తడి ఆరిన గుడ్డ ఉల్టా వైపు పరిచి ఆవిరి తగిలించి, రాత్రంతా గాలికి ఆరవెయ్యాలి. మీ ఇంట్లో పాత పట్టుచీరలుంటే మూణ్ణెల్లకోసారి మడత మార్చండి. ఒకే మడతమీద ఏళ్లు ఉంటే జరీ అక్కడే విరుగుతుంది.

జాతరలో పాప సత్యభామగా గిర్రున తిరిగితే కుచ్చిళ్లు చెదరలేదు. మూడోనాడు చీర పెద్దమ్మ చేతికిచ్చాను. అంచు నుంచి కొంగు దాకా వేలితో తడిమి చూసుకుంది. ఎక్కడా కోత లేదని తెలిశాక, మళ్లీ ఏడాది కూడా నా దగ్గరికే తెస్తానంది.