జ్ఞానం కోసం ప్రయాణం: మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మలై)

మనిషి ఇల్లు విడిచి దూరదేశాలకు ఎందుకు వెళ్తాడు? కొందరు జీవనోపాధి కోసం, కొందరు చదువు కోసం, మరికొందరు వింతలు చూడటానికి వెళ్తారు. ఇవేవీ తప్పు కాదు. అయితే కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయని బోధిస్తూ దైవప్రవక్త (స) ఉదాహరణగా చూపింది వలస ప్రయాణాన్నే. బయలుదేరేటప్పుడు మనసులో ఏముందో, ప్రయాణికునికి దక్కేది అదే. హైదరాబాద్ పాతబస్తీలోని జామియా నిజామియా స్థాపకులు మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

ఆయన హిజ్రీ 1264లో నాందేడ్ ప్రాంతంలోని ఖందార్‌లో జన్మించారు. యువకునిగా నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేశారు. ఒకరోజు వడ్డీ వ్యవహారానికి సంబంధించిన కాగితం రాయవలసి వచ్చింది. వడ్డీ పత్రం రాయడం కూడా పాపమేనని భావించి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశారు. ఇల్లు గడవడం కష్టమైనా బోధన మానలేదు. హిజ్రీ 1292లో జామియా నిజామియాను స్థాపించారు. ఆ తర్వాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు గురువయ్యారు.

దర్బారులో గౌరవం, నగరంలో పేరు ఉన్నా ఆయన మనసు హిజాజ్ వైపే లాగేది. హజ్ యాత్ర ఒక్కసారితో ఆగలేదు. హిజ్రీ 1305లో బయలుదేరినప్పుడైతే మదీనాలోనే మూడేళ్లు ఉండిపోయారు. అప్పట్లో సముద్రంపై ఓడలో, ఎడారిలో ఒంటెలపై సాగాల్సిన కఠిన ప్రయాణమది. మదీనా గ్రంథాలయాల్లోని అరుదైన రాతప్రతులు చదివి, సొంత ఖర్చుతో వాటికి నకళ్లు రాయించారు. వాటిలో 46 వేలకు పైగా హదీసులున్న కన్‌జుల్ ఉమ్మాల్ ఒకటి. దాని సంకలనకర్త అలీ ముత్తఖీ (రహ్మలై) కూడా బుర్హాన్‌పూర్ నుంచి మక్కాకు వెళ్లి స్థిరపడిన భారతీయుడే! ఒక ప్రయాణికుడు అక్కడ కూర్చిన గ్రంథాన్ని మరో ప్రయాణికుడు ఇక్కడికి తెచ్చారు.

అరుదైన అరబీ గ్రంథాల ముద్రణకు 1888లో హైదరాబాద్‌లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ స్థాపకుల్లో మౌలానా ఒకరు. కన్‌జుల్ ఉమ్మాల్ అక్కడే అచ్చయి దేశదేశాల పండితులకు చేరింది. తర్వాత ఆయన ఏడవ నిజాంకూ గురువయ్యారు, ధార్మిక వ్యవహారాల బాధ్యతలు చేపట్టారు. 1918లో పరమపదించారు. ఆయన సమాధి జామియా ఆవరణలోనే ఉంది.

నేడు పాతబస్తీ ఇళ్ల నుంచి ఎందరో గల్ఫ్‌కు, ఉమ్రాకు వెళ్తున్నారు. నెలలు పట్టిన దూరం ఇప్పుడు గంటల్లో ముగుస్తోంది. తిరిగొచ్చేటప్పుడు పెట్టెల్లో ఖర్జూరం, జమ్‌జమ్, బంగారం ఉంటాయి. మౌలానా తెచ్చింది మాత్రం తరతరాలకు పనికొచ్చే జ్ఞానం. అందుకే సోదరులారా! పెట్టె సర్దుకునే ముందు సంకల్పాన్ని సరిచూసుకుందాం. మన ప్రతి ప్రయాణాన్నీ అల్లాహ్ మేలైనదిగా చేయుగాక! ఆమీన్.