ఉద్యోగం పోయినవాడి ఆట

హాస్టల్లో స్క్రాబుల్ ఆడుతుంటే నాకు 'క్యూ' బిళ్ళ వచ్చింది, 'యూ' రాలేదు. ఇక పనైపోయిందనుకున్నా. క్యూ పక్కన 'ఐ' పెట్టు, 'చీ' అవుతుంది అన్నాడు సీనియర్. చైనావాళ్ళ నమ్మకంలో అది ప్రాణశక్తి అట! అప్పుడే ఈ ఆట కనిపెట్టినాయన గురించి చదివాను.

ఆయన ఆల్‌ఫ్రెడ్ బట్స్. 1899లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, ఆర్కిటెక్ట్. 1931లో ఆర్థికమాంద్యం దెబ్బకి ఉద్యోగం ఊడింది. ఖాళీగా కూర్చోలేదు. పత్రికల మొదటి పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో చేత్తో లెక్కపెట్టాడు. అందుకే 100 బిళ్ళల్లో 'ఈ' అక్షరాలు 12, క్యూ ఒక్కటే. 'ఎస్' ఎక్కువైతే బహువచనాలతో నెట్టుకొచ్చేస్తారని నాలుగే ఉంచాడు.

ఆటబొమ్మల కంపెనీలు వద్దన్నాయి. ఆయన మళ్ళీ ఆర్కిటెక్ట్ పనిలో చేరిపోయాడు. 1948లో జేమ్స్ బ్రూనో హక్కులు తీసుకుని స్క్రాబుల్ అని పేరు మార్చాడు. నాలుగైదేళ్ళలో అమెరికా అంతా అదే ఆట. బట్స్ కన్నా ఆయన భార్య నీనాయే బాగా ఆడేదట! 1993లో, 93 ఏళ్ళ వయసులో ఆయన పోయాడు.

మొన్న ప్లేస్‌మెంట్ లిస్టులో నా పేరు లేదు. రూమ్‌కొచ్చి కాసేపు గోడకేసి చూశా. తర్వాత బోర్డు తీసి బిళ్ళలు పరిచాను.