ఫ్రెడ్డీ మెర్క్యురీ: గొంతు ఒక్కటే, రికార్డులు ఎన్నో

1973 జులై 13న బ్రిటన్‌లో 'క్వీన్' బృందం తొలి ఆల్బం విడుదలైంది. 2024 అక్టోబర్ 25న అదే ఆల్బం 'క్వీన్ 1' పేరుతో మళ్లీ మార్కెట్‌లోకి వచ్చింది. పాడిన గొంతు రెండింటిలోనూ ఒక్కటే. డ్రమ్స్ మోత మాత్రం మారింది, పాటల వరుస మారింది, మొదట్లో తీసేసిన ఒక పాట తిరిగి చేరింది. ఇలా మార్చడం ఇష్టమేనా అని ఆ గొంతు యజమానిని అడిగే వీలు లేదు. ఫ్రెడ్డీ మెర్క్యురీ చనిపోయి అప్పటికి దాదాపు 33 ఏళ్లు.

పాత రాక్ ఆల్బంలు మళ్లీ మళ్లీ విడుదలవుతున్న ఈ రోజుల్లో కళాకారుడు వదిలి వెళ్లిన పనిలో ఎంతవరకు వేలు పెట్టవచ్చనే ప్రశ్న తరచూ వస్తోంది. మెర్క్యురీ జీవితంలో దానికి ఒకటి కాదు, మూడు వేర్వేరు జవాబులు కనిపిస్తాయి.

జాంజిబార్ నుంచి పంచగనికి

ఆయన అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబర్ 5న జాంజిబార్‌లో పుట్టారు. తల్లిదండ్రులు బోమీ, జెర్ గుజరాత్ మూలాలున్న పార్సీలు. నేటి వల్సాడ్‌కు పాత పేరైన బుల్సార్ నుంచే వారి ఇంటిపేరు వచ్చింది. బోమీ అక్కడి బ్రిటిష్ ప్రభుత్వంలో క్యాషియర్‌గా పనిచేసేవారు. ఎనిమిదేళ్ల వయసులో కొడుకును చదువు కోసం భారత్ పంపించారు. మహారాష్ట్ర కొండల్లోని పంచగనిలో సెయింట్ పీటర్స్ బోర్డింగ్ స్కూల్లో ఆ అబ్బాయి పియానో నేర్చుకున్నాడు. 12 ఏళ్లకు తోటి విద్యార్థులతో కలిసి 'ది హెక్టిక్స్' అనే బ్యాండ్ పెట్టాడు. ఫ్రెడ్డీ అనే పిలుపు కూడా ఆ బడిలోనే స్థిరపడింది.

1963లో తిరిగి జాంజిబార్ చేరుకున్నాడు. మరుసటి ఏడాది అక్కడ విప్లవం రావడంతో కుటుంబం ఇంగ్లండ్‌కు తరలిపోయి లండన్ శివారు ఫెల్తమ్‌లో స్థిరపడింది. ఫ్రెడ్డీ ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివాడు. డ్రమ్మర్ రోజర్ టేలర్‌తో కలిసి కెన్సింగ్టన్ మార్కెట్‌లో పాత బట్టల దుకాణం నడిపాడు. 1970లో టేలర్, గిటారిస్ట్ బ్రయాన్ మేలతో చేతులు కలిపాడు. బృందానికి 'క్వీన్' అని పేరు పెట్టింది, దాని చిహ్నాన్ని గీసింది ఆయనే. బుల్సారా స్థానంలో మెర్క్యురీ వచ్చి చేరింది కూడా అప్పుడే. 1971లో బాస్ గిటారిస్ట్ జాన్ డీకన్ రాకతో నలుగురయ్యారు.

ఖాళీ వేళల్లో తయారైన ఆల్బం

తొలి ఆల్బంను సోహోలోని ట్రైడెంట్ స్టూడియోలో రికార్డు చేశారు. డబ్బులిచ్చి స్టూడియో తీసుకున్న వాళ్లు వెళ్లిపోయాక మిగిలిన వేళల్లో, ఎక్కువగా రాత్రిపూట వీరికి అవకాశం దొరికేది. అక్కడి డ్రమ్స్ గదిలో శబ్దం పొడిగా, గూంజు లేకుండా పలికేది. అది బృందానికి నచ్చలేదు. 1971లో డి లేన్ లీ స్టూడియోలో చేసుకున్న డెమోలే దీనికన్నా బాగున్నాయని మే చాలాకాలం చెబుతూ వచ్చారు. మెర్క్యురీ రాసిన 'మ్యాడ్ ది స్వైన్' పాట మిక్సింగ్‌పై అభిప్రాయభేదాలు వచ్చి ఆల్బంలో చోటు కోల్పోయింది. అది మొదటిసారి బయటికొచ్చింది 1991లో.

ఇక్కడ రెండు మాటల మధ్య తేడా తెలియాలి. గొంతు, గిటార్, డ్రమ్స్ వేర్వేరు ట్రాకుల్లో ఉంటాయి. వాటిని తగు పాళ్లలో కలిపి స్టీరియో టేపు తయారు చేయడం మిక్సింగ్. రీమాస్టరింగ్‌లో ఆ తయారైన టేపునే తీసుకుని హెచ్చుతగ్గులు సరిచేస్తారు. రీమిక్స్‌లో మళ్లీ విడి ట్రాకుల దగ్గరికి వెళతారు. వండిన పులుసును వేడిచేసి వడ్డించడం మొదటిదైతే, అవే కూరగాయలతో మళ్లీ పులుసు పెట్టడం రెండోది. 2024 నాటి 'క్వీన్ 1' రెండో కోవకు చెందుతుంది.

అరిగిపోయిన టేపు

1975లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' విషయం వేరు. 5 నిమిషాల 55 సెకన్ల ఈ పాటలో ఒపెరా భాగానికే దాదాపు మూడు వారాలు పట్టింది. మెర్క్యురీ, మే, టేలర్ ముగ్గురూ పాడిన గొంతుల మీద గొంతులు పేర్చారు. ట్రాకులు నిండినప్పుడల్లా వాటిని కలిపి వేరే ట్రాకులోకి ఎక్కించి మళ్లీ పాడారు. వెలుతురు అవతలికి కనిపించేంతగా టేపు అరిగిపోయిందని ఆ రికార్డింగ్‌లో పాల్గొన్నవారు చెబుతారు. ఇలా ఎక్కించిన ప్రతిసారీ కొంత రొద చేరుతుంది, కొంత స్పష్టత పోతుంది. ఆ నష్టం పాట పుట్టుకలోనే ఉంది కాబట్టి ఏ రీమాస్టరింగ్ దాన్ని పూర్తిగా తుడిచేయలేదు.

ఎల్పీలో ఇంకో చిక్కు ఉండేది. రికార్డు మధ్యకు వెళ్లేకొద్దీ గాడి చుట్టుకొలత తగ్గి, శబ్దం చెదిరే అవకాశం పెరుగుతుంది. 'ఎ నైట్ ఎట్ ది ఒపెరా' ఆల్బంలో అన్నిటికన్నా సంక్లిష్టమైన ఈ పాట రెండో వైపు చివరి నుంచి రెండోది. అంటే సరిగ్గా ఆ ఇరుకు చోటే దానికి దక్కింది. సీడీకి ఈ ఇబ్బంది లేదు. 2011లో బాబ్ లుడ్విగ్ చేసిన రీమాస్టరింగ్ క్వీన్ ఆల్బంలన్నిటికీ వర్తించింది. ఈ పాట వరకు చూస్తే అది మెర్క్యురీ కోరిన శబ్దానికి శ్రోతను కాస్త దగ్గర చేసే పనే. అయితే గుసగుస నుంచి హోరు దాకా సాగడమే ఈ పాట ప్రాణం. అంతా ఒకే స్థాయిలో బిగ్గరగా వినిపించేలా చేస్తే ఆ ప్రాణమే పోతుంది.

చివరి టేపులు

1985 జులై 13న, తొలి ఆల్బం వచ్చి సరిగ్గా పన్నెండేళ్లకు, వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్‌లో సుమారు 20 నిమిషాల పాటు క్వీన్ ప్రపంచాన్ని కట్టిపడేసింది. అదే ఏడాది 'మిస్టర్ బ్యాడ్ గయ్' పేరుతో మెర్క్యురీ సోలో ఆల్బం వచ్చింది. సింథసైజర్లు, డ్యాన్స్ లయలు ఆయన సొంత ఎంపిక.

ఎయిడ్స్‌తో బాధపడుతూనే 1991లో స్విట్జర్లాండ్‌లోని మాంత్రూలో పాడుతూ వచ్చారు. తాను పోయాక పూర్తి చేసుకోండని, ఏదైనా రాసిస్తే పాడతానని ఆయన తమతో అన్నట్లు మే, టేలర్ తర్వాత చెప్పారు. 'మదర్ లవ్' పాటలో చివరి చరణం పాడే ఓపిక ఆయనకు మిగల్లేదు. దాన్ని మే పాడారు. నవంబర్ 23న తన జబ్బు సంగతి లోకానికి వెల్లడించి, మర్నాడే 45 ఏళ్ల వయసులో లండన్‌లో కన్నుమూశారు. పేరు మార్చుకున్నా, అంత్యక్రియలు జొరాస్ట్రియన్ పద్ధతిలోనే జరిగాయి.

1995లో వచ్చిన 'మేడ్ ఇన్ హెవెన్' ఆ టేపులను వాడుకుంది. కానీ అందులో సోలో ఆల్బం నుంచి తీసుకున్న రెండు పాటలు కూడా ఉన్నాయి. ఆ గొంతు కింద సింథసైజర్లకు బదులు క్వీన్ గిటార్, డ్రమ్స్ వచ్చాయి. రాక్ అభిమానులకు ఇవే నచ్చవచ్చు. మెర్క్యురీ స్వయంగా ఖరారు చేసింది మాత్రం 1985 నాటి రూపాన్నే.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టలేం. 1991 టేపుల విషయంలో ఆయన అనుమతి ఉంది. తొలి ఆల్బం విషయంలో బృందానికి పాత అసంతృప్తి ఉంది, దాన్ని సరిదిద్దే పని బతికున్న మే, టేలర్ చేతుల మీదుగా జరిగింది. సోలో పాటల విషయంలో ఆ రెండూ కనిపించవు.

అందుకే అసలు రికార్డు అందుబాటులో ఉండటం ముఖ్యం. 2024 నాటి పెట్టెలోని 6 సీడీల్లో కొత్త మిక్స్, డెమోలు, సెషన్లు, బ్యాకింగ్ ట్రాకులు, బీబీసీ రికార్డింగులు, కచేరీలు ఉన్నాయి. 1973లో జనం విన్న మిక్స్‌కు చోటు దక్కలేదు. స్ట్రీమింగ్‌లోనే పాటలు వినే కొత్త తరానికి ఏది ముందు కనిపిస్తే అదే అసలుది. పొడి శబ్దపు డ్రమ్స్ పక్కన, ఇంకా ఎవరికీ తెలియని 26 ఏళ్ల యువకుడు అరువు వేళల్లో పాడిన పాట ఎలా ఉండేదో చెప్పేది ఆ పాత మిక్సే. దాన్ని దాచేస్తే, పక్కన పెట్టి పోల్చడానికి ఏమీ మిగలక కొత్త మిక్స్ ఎంత మెరుగైందో కూడా తెలియకుండా పోతుంది.