వాడుక మాటకు బడిలో చోటడిగిన గిడుగు

శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పంతులు జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. కొండల్లోని సవరల భాష నేర్చి, వారి భాషలోనే వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో వారికి బడులు పెట్టించారు.

తెలుగు పిల్లల అవస్థ కూడా ఆయన చూశారు. ఇంటిలో, పొలంలో 'వస్తున్నాడు' అనే పిల్లవాడు బడిలో 'వచ్చుచున్నాడు' అని రాయాలి. లేకుంటే తప్పే. అయితే గ్రాంథికమే రాయాలన్న పండితులే అందులో తప్పులు రాస్తున్నారని పంతులుగారు ఎత్తి చూపారు.

నోటికి వచ్చినట్టల్లా రాయమని మాత్రం ఆయన అనలేదు. రచ్చబండ దగ్గర మాట తీరు వేరు, తాసీల్దారుకు పెట్టే అర్జీ తీరు వేరు. చదువుకున్నవారు మర్యాదగా మాట్లాడుకునే శిష్ట వ్యావహారికమే రాతకు తగినదన్నారు. బడులలో వాడుక భాషకు మొదట దొరికిన అనుమతిని, పండితుల వ్యతిరేకత వల్ల ప్రభుత్వం ఉపసంహరించుకుంది. పంతులుగారు వెనుదిరగలేదు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి, ఊరూరా ఉపన్యసించారు.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలియగా, ఆయన రాజమహేంద్రవరం తరలిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. నేడు పత్రికలూ, పాఠాలూ వాడుక భాషలోనే వస్తున్నాయి. ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం.