నరసింగరావు గారు

పోయిన ఆదివారం కొల్లేటికోటలో సైన్సు మాష్టారు చిన్న టెలిస్కోపు పెట్టారు. బురదలో స్టాండు దిగబడితే గట్టినేలకి జరిపాం. నేను తొందరపడి సూర్యుడి వైపు తిప్పి కన్ను పెట్టబోయాను. మాష్టారు చెయ్యి అడ్డం పెట్టారు. ఒక్క క్షణమైతే నా కన్ను పోయేది. ఏడుపొచ్చింది. అప్పుడు మాష్టారు ఈ కథ చెప్పారు.

అంకితం వెంకట నరసింగరావు గారు 1827లో పుట్టారు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు గారు 1840లో విశాఖపట్నంలో సొంతంగా వేధశాల పెట్టారు. వేధశాలంటే నక్షత్రాలు చూసే చోటు. మామగారు 1856లో చనిపోయారు. అల్లుడు గారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం మానేసి మరీ దాన్ని నడిపారు. మా ఊళ్లో సర్కారు ఉద్యోగం వస్తే ఎవరన్నా మానతారా! నాకు అదే పెద్ద వింత.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడి మీదుగా నల్లచుక్కలాగా దాటాడు. ఆయన విశాఖలోనే చూసి, వేళలు రాసి లండన్ పంపారు. దేశదేశాల వాళ్లు ఇలా రాసిన వేళల్తోనే సూర్యుడు ఎంత దూరమో లెక్క కట్టారంట. 1892లో ఆయన చనిపోయారు.

తర్వాత మాష్టారు పక్కనున్న చిన్న గొట్టానికి మూత పెట్టి, సూర్యుణ్ణి తెల్లకాగితం మీద పడేట్టు చేశారు. మచ్చలు కనపడ్డాయి. నేను పెన్సిలుతో గీశాను. ఆ కాగితం కింద అంటించాను, చేత్తో రుద్దకండి అక్కా.