వేగదేవతకు నైవేద్యం: బర్ట్ మన్రో గారి జీవిత కథ



సంఘం సంచికలో మనం ఎక్కువగా కవుల జీవితాలు, సంస్కర్తల జీవితాలు చదువుతూ ఉంటాం. అవి చదవవలసినవే. ఈసారి వేరొక రకం మనిషిని మీకు పరిచయం చేస్తాను. ఆయనకు పదవి లేదు, డబ్బు లేదు, ఇంజనీరింగు పట్టా లేదు. ఇరవై ఒకటో ఏట ఒక అమెరికన్ మోటారు సైకిలు కొన్నారు. డెబ్భై ఎనిమిదో ఏట మరణించే ముందు వరకు దానినే బాగు చేసుకుంటూ, దాని మీదనే పందేలకు వెళ్ళారు. ఆయన పేరు బర్ట్ మన్రో. న్యూజిలాండ్ దేశస్థుడు.

1899 మార్చి 25వ తేదీన ఆ దేశపు దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ పట్టణంలో ఆయన జన్మించారు. కవల పిల్లల్లో ఒకరు. కూడా పుట్టిన ఆడశిశువు పురిటిలోనే చనిపోయింది. ఈ పిల్లవాడు కూడా ఎక్కువ కాలం బతకడని డాక్టర్లు చెప్పారట. తల్లిదండ్రులు వ్యవసాయదారులు. ఈడెన్‌డేల్ అనే పల్లె దగ్గర పొలంలో బాల్యం గడిచింది. ఇంట్లో ఉన్న గుర్రాలలో అన్నిటికంటే జోరైన దానిని ఎక్కి పొలమంతా పరుగెత్తించేవాడు. తండ్రి కోప్పడినా మానలేదు.

ఆయన అసలు పేరు హెర్బర్ట్. దానిని కుదించి బర్ట్ అని పిలిచేవారు. 1957 ప్రాంతంలో ఒక అమెరికన్ మోటారు సైకిలు పత్రిక ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరం ఒకటి తప్పుగా అచ్చు వేసింది. ఆయన దానిని సరిదిద్దమనలేదు, ఆ తప్పునే తన పేరుగా ఉంచుకున్నారు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే గనుక మనకు ఇబ్బంది లేదు.

పదహారో ఏట ఇంగ్లండులో తయారైన డగ్లస్ అనే మోటారు సైకిలు కొన్నారు. తరువాత క్లైనో అనే మరొకటి. 1920లో మన కథకు నాయిక వంటి వాహనం వచ్చింది. దాని పేరు ఇండియన్ స్కౌట్.

పేరు చూసి అది మన దేశపు బండి అనుకోవద్దు. అమెరికాలోని ఆదివాసులను తెల్లవారు ఇండియన్లు అని పిలిచేవారు. ఆ పేరునే స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరిలో జార్జ్ హెండీ, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అనే ఇద్దరు 1901లో తమ బండికి పెట్టుకున్నారు. స్కౌట్ నమూనాను గీసినవాడు చార్లెస్ ఫ్రాంక్లిన్. ఆయన ఐర్లండు వాడు. 1911లో ఐల్ ఆఫ్ మాన్ పందెంలో ఇండియన్ బండి మీద రెండవ స్థానం పొందినవాడు. ఇంజనులో రెండు సిలిండర్లు ఇంగ్లీషు 'వి' అక్షరం లాగా నిలబడి ఉంటాయి. సుమారు 600 సి.సి. ఇంజను, మూడు గేర్లు. అది గంటకు 55 మైళ్ళు, అంటే 88 కిలోమీటర్లు పోగలదు. మన్రో కొన్నది ఆ కర్మాగారం నుంచి వెలువడిన స్కౌట్లలో 627వది.

ఆ రోజులకు 55 మైళ్ళు తక్కువేమీ కాదు. ఆయనకు మాత్రం చాలలేదు. 1926లో ఇంజను విప్పి మార్పులు చేయడం మొదలుపెట్టారు. కొత్త బండి కొనే స్తోమత లేదు. ఆర్థిక మాంద్యం వచ్చింది. పొలం పని చేశారు. మోటారు సైకిళ్ళ దుకాణంలో అమ్మకాల పని, మరమ్మతు పని చేశారు. పగలు ఉద్యోగం, రాత్రి తన బండి పని. మార్పు చేయాలంటే కొత్త భాగం కావాలి. కొనడానికి డబ్బు లేదు గనుక దానిని తన చేతితోనే తయారు చేయాలి.

ఆ తయారు చేసే పద్ధతి తెలుసుకోదగినది. పాత పిస్టన్లను కరిగించి, రేకు డబ్బాలను అచ్చులుగా పెట్టి, కొత్త పిస్టన్లు పోత పోసేవారు. వాడి పారేసిన ఇనుప గొట్టం ముక్కలతో సిలిండర్లు చేసుకున్నారు. పిస్టనును క్రాంక్‌షాఫ్టుతో కలిపే కడ్డీలను ట్రాక్టరు ఇరుసు ఉక్కు నుంచి ఆకురాయితో అరగదీసి తయారు చేశారు. ఫ్లైవీళ్ళూ స్వయంగా చేసినవే. మందం కొలవడానికి మైక్రోమీటరుకు బదులు ఒక పాత చక్రపు స్పోకు వాడేవారు. స్కౌటులో వాల్వులు సిలిండరు పక్కన ఉండేవి. గాలి, పెట్రోలు ఆవిరి వంపు తిరిగి లోపలికి రావాలి గనుక అది వేగానికి అడ్డు. వాల్వులు సిలిండరు తలపై ఉండేటట్టు ఆయన ఇంజనునే మార్చేశారు. పెద్ద కర్మాగారంలో ఇంజనీర్లు బల్ల మీద గీసే పనిని ఒక షెడ్డులో ఒక్క మనిషి చేసుకున్నాడన్న మాట.

ఇన్ని మార్పులకు ఇంజను ఊరుకోదు. వేగం పెంచినకొద్దీ పిస్టన్లు కరిగేవి, కడ్డీలు విరిగేవి. ఒక పరుగులో పాడైన దానిని బాగు చేయడానికి వారాలు, నెలలు పట్టేవి. పాడైన భాగాలను ఆయన పారవేయలేదు. షెడ్డులో ఒక అలమరలో వరుసగా పెట్టి, ఇవి వేగదేవతకు అర్పించిన నైవేద్యాలని దాని మీద రాసుకున్నారు. అందులో హాస్యం ఉంది. కాని ప్రతి ముక్కా ఒక పాఠమే. ఎక్కడ విరిగిందో చూసి, రెండవసారి అక్కడ గట్టిగా చేసేవారు.

ఈ పట్టుదలకు ఇంటివారు కూడా మూల్యం చెల్లించారు. ఆ సంగతి దాచడం న్యాయం కాదు. 1927లో ఆయనకు ఫ్లారెన్స్ బెరిల్ మార్టిన్‌తో వివాహమైంది. నలుగురు పిల్లలు. రాత్రులన్నీ షెడ్డులో గడిపే తండ్రి ఇంట్లో ఎంతసేపు ఉంటాడు? 1947లో దంపతులు విడిపోయారు. ఆ తరువాత ఆయన ఉద్యోగం మానివేసి, ఒక గారేజీ వంటి చిన్న కట్టడంలోనే నివాసం పెట్టుకొని, పూర్తి కాలం బండ్ల పనికే కేటాయించారు. మంచం, లేత్ యంత్రం, రెండు మోటారు సైకిళ్ళు ఒకే కప్పు కింద. రెండవది 1936 నాటి వెలోసెట్ అనే ఇంగ్లీషు బండి. దానిని కూడా ఇలాగే మార్చారు.

పరీక్షకు చోటు దగ్గరలోనే ఉంది. ఇన్వర్‌కార్గిల్ పక్కన ఒరెటి సముద్రతీరం. అక్కడ గట్టి ఇసుక మైళ్ళ కొద్దీ చదునుగా ఉంటుంది. 1940లో గంటకు 120 మైళ్ళు దాటి న్యూజిలాండ్ రోడ్డు రికార్డు స్థాపించారు. 1957లో ఒరెటి ఇసుక మీద 131.38 మైళ్ళ వేగంతో సముద్రతీరపు రికార్డు సాధించారు. అప్పటికి ఆయన వయసు 58. గుండెనొప్పి కూడా ఆ కాలంలోనే మొదలైంది.

ఈలోగా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ బండ్లు తయారు కావడం 1953లో ఆగిపోయింది. మరుసటి సంవత్సరమే, 1954లో, అమెరికాలో పాత మోటారు సైకిళ్ళ అభిమానులు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. అటువంటివారు పాత బండిని వెతికి తెచ్చి, తుప్పు తీసి, ఆనాటి రంగే వేసి, ఆనాటి మరలే బిగించి, కర్మాగారం నుంచి వచ్చిన నాటి రూపానికి తెస్తారు. అది గొప్ప ఓపిక గల పని. అటువంటివారు లేకపోతే ఆ బండ్లు ఎలా ఉండేవో ఈనాడు మనకు తెలిసేది కాదు. మన్రో గారి దారి వేరు. ఆయన బండిలో అమెరికా నుంచి వచ్చిన భాగాలు చివరికి కొన్ని మాత్రమే మిగిలాయి. పాత రూపం కాపాడాలని ఆయన అనుకోలేదు. ఆ బండి ఎంత దూరం వెళ్ళగలదో చూడాలనుకున్నారు. బండిని పారేయకూడదన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బాన్‌విల్ అనే ఉప్పునేల ఉంది. ఒకప్పటి మహా సరస్సు ఎండిపోగా మిగిలిన తెల్లని మైదానం. వేగపు రికార్డులకు ప్రపంచంలో పేరు పొందిన స్థలం. మన్రో గారు అక్కడికి మొత్తం పది సార్లు వెళ్ళారు. మొదటిసారి చూడటానికే వెళ్ళారు. తక్కిన తొమ్మిది సార్లు పరుగు తీశారు. గాలిని చీల్చుకొని పోవడానికి బండి చుట్టూ చేప ఆకారంలో పొడవైన తొడుగు తయారు చేశారు. అందులో ఆయన దాదాపు పడుకొని నడపవలసి వచ్చేది.

1962లో ఇంజనును 850 సి.సి.కి పెంచి, 883 సి.సి. లోపు తరగతిలో గంటకు సుమారు 179 మైళ్ళు, అంటే 288 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు పొందారు. వయసు 63. 1966లో 920 సి.సి. ఇంజనుతో 1000 సి.సి. లోపు తరగతిలో 168 మైళ్ళ రికార్డు. 1967 ఆగస్టులో 950 సి.సి. ఇంజనుతో తన రికార్డును తానే దాటారు. అప్పటికి మనిషికి 68 ఏళ్ళు, బండికి 47 ఏళ్ళు. ఆ సందర్భంలోనే అర్హత కోసం తీసిన ఒకవైపు పరుగులో గంటకు 190.07 మైళ్ళు అందుకున్నారు. అంటే దాదాపు 306 కిలోమీటర్లు. 55 మైళ్ళ కోసం తయారైన బండి అంతకు మూడున్నర రెట్ల వేగంతో పోయింది. ఆ ఉప్పునేల మీద ఆయన పడ్డారు, దెబ్బలు తగిలించుకున్నారు, మళ్ళీ వెళ్ళారు.

1971లో రాజర్ డొనాల్డ్‌సన్ అనే దర్శకుడు ఆయనపై ఒక డాక్యుమెంటరీ చిత్రం తీశారు. 1977లో మన్రో గారికి పక్షవాతం వచ్చింది. చేతులు, కాళ్ళు ముందులాగా మాట వినలేదు. ఇక బండి నడపలేనని తెలుసుకొని, అవి తన ప్రాంతం దాటి పోకూడదనే కోరికతో రెండు మోటారు సైకిళ్ళను ఊరిలోని నార్మన్ హేస్ అనే వ్యాపారికి అమ్మివేశారు. 1978 జనవరి 6వ తేదీన కన్నుమూశారు. ఆయన కోరినట్టే ఆ బండి ఇన్వర్‌కార్గిల్‌లోని హేస్ వారి హార్డ్‌వేర్ దుకాణంలో నట్లు, బోల్టులు, సుత్తులు అమ్మే చోట ప్రజలు చూడటానికి ఉంచారు. దానికి అంతకంటే తగిన చోటు ఉందా?

2005లో అదే డొనాల్డ్‌సన్ ఆయన కథను పెద్ద సినిమాగా తీశారు. ఆంథొనీ హాప్‌కిన్స్ మన్రోగా నటించారు. సినిమా గనుక అనేక ప్రయాణాలను ఒకే ప్రయాణంగా చూపించారు. 2006లో అమెరికన్ మోటారు సైకిలిస్టు సంఘం వారు తమ గౌరవ పట్టికలో ఆయన పేరు చేర్చారు.

కథ అక్కడితో అయిపోలేదు. ఇందులో ఒక లెక్క మిగిలి ఉంది. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని చేయించండి. ఇటువంటి పందెంలో ఒకవైపు పరుగు చాలదు. గాలి సాయం చేసి ఉండవచ్చు గనుక, ఒకసారి ఇటు, ఒకసారి అటు పరుగు తీసి, రెండింటి సగటును రికార్డుగా రాస్తారు. 1967లో మన్రో గారు ఉత్తర దిశగా 184.710 మైళ్ళు, దక్షిణ దిశగా 183.463 మైళ్ళ వేగంతో పోయారు. రెండూ కూడితే 368.173. సగం చేస్తే 184.087 వస్తుంది. కాని ఆనాటి రికార్డు పుస్తకంలో 183.586 అని రాశారు. అర మైలు తగ్గింది. నలభై ఏడేళ్ళు ఎవరూ చూడలేదు.

చూసినవాడు ఆయన కుమారుడు జాన్ మన్రో. తండ్రి కాగితాలలోని అంకెలను పుస్తకంలోని అంకెతో పోల్చి, తేడా కనిపెట్టి, సంఘం వారికి తెలియజేశారు. 2014లో, తండ్రి మరణించిన ముప్పై ఆరేళ్ళకు, సంఘం వారు పొరపాటు ఒప్పుకొని రికార్డును 184.087 అని దిద్దారు.

అర మైలు ఎంత? వేగంలో అది కన్ను మూసి తెరిచేంత తేడా. కాని ఆ అర మైలు కోసం ఒక మనిషి ఎన్ని పిస్టన్లు పోత పోశాడో, ఎన్ని కడ్డీలు అరగదీశాడో ఆ అలమరలోని ముక్కలే చెబుతాయి. ఆ రాత్రులు తండ్రిని షెడ్డుకు ఇచ్చివేసిన పిల్లల్లో ఒకడే ముసలితనంలో కూర్చొని, ఆ అర మైలును లెక్క కట్టి తండ్రికి తిరిగి ఇప్పించాడు. మన్రో గారి జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన రికార్డు ఇదే.

మీ ఇంటి వెనక ఏ స్కూటరో, కుట్టు మిషనో, గోడ గడియారమో తుప్పు పట్టి ఉంటే, పాత సామాను వాడికి వేసే ముందు ఒకసారి విప్పి చూడండి. పక్కన ఒక పిల్లవాడిని, ఒక పిల్లను కూర్చోబెట్టుకోండి. అది మళ్ళీ తిరిగితే సంతోషం. తిరగకపోతే ఆ విరిగిన ముక్కను అలమరలో పెట్టుకొని, ఎందుకు విరిగిందో వాళ్ళనే అడగండి.

సెలవు.